పర్లాకిమిడిలో ఆటల పిల్లలకి డోపింగ్ క్లాసు: ఎలా ఉంది, ఏం బావుంది, ఏం మార్చాలి

ముందే చెప్పేస్తాను, మీ పిల్లలు పరుగో కబడ్డీయో వెయిట్‌లిఫ్టింగో ఏదో ఒకటి సీరియస్‌గా ఆడుతుంటే ఈ క్లాసుకి పంపండి. ఒడిశాలో ఆంధ్రా బోర్డర్ పక్కనున్న మా పర్లాకిమిడిలో పొద్దున్నే పిల్లల్ని పరిగెత్తించే చిన్న అకాడమీ ఒకటుంది, బోర్డు లేదు ఏటీ లేదు, స్కూల్లో పీఈటీగా పనిచేసే మేష్టారు ఒకాయన, వయసులో ఉన్నప్పుడు వెయిట్‌లిఫ్టింగ్ చేసిన మనిషి, ఆయనకి తోడు ఒక నర్సు మేడం, వీళ్ళిద్దరే నడుపుతారు. పేరు రాయొద్దన్నారు కాబట్టి రాయట్లేదు, స్టేడియం దగ్గర ఎవర్ని అడిగినా చెప్తారు. ఆదివారం ప్రాక్టీసు అయ్యాక డోపింగ్ మీద, అంటే ఆటల్లో నిషేధం ఉన్న మందులు వాడటం మీద, క్లాసు పెడతారు, పన్నెండేళ్ళ నుంచి పద్దెనిమిది లోపు పిల్లలకి. ఫీజు వంద రూపాయలు, కొండ మీద ఊళ్ళ నుంచి వచ్చే పిల్లలకి అదీ లేదు. మా పాప 800 మీటర్లు పరిగెడుతుంది. నాది మందుల షాపు. అందుకే దీని గురించి కొంచెం ఎక్కువ రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

మామూలుగా ఇలాంటి క్లాసంటే ఏం జరుగుతుందో అందరికీ తెలిసిందే, ఎవరో పెద్దమనిషి వచ్చి డ్రగ్స్ జోలికి పోవద్దు బాబూ అని మైకులో చెప్పి, ప్రతిజ్ఞ చేయించి, ఫోటో దిగి వెళ్ళిపోతారు. ఇక్కడ అది లేదు. ఇంట్లో ఉన్న మందులన్నీ పట్టుకురండి అని ముందు రోజే పిల్లలకి చెప్పారు, ఖాళీ స్ట్రిప్పులైనా పర్లేదు, సిరప్ సీసాలు, జిమ్ముకెళ్ళే అన్నయ్య పౌడర్ డబ్బా, అమ్మమ్మ బీపీ మాత్రలు, ఆయుర్వేదం లేహ్యం, ఏదైనా సరే. గ్యాలరీ మెట్ల కింద పట్టా పరిచి అన్నీ దాని మీద పోయించారు. నేను మందుల షాపు వాడిని కాబట్టి స్ట్రిప్పుల మీద అక్షరాలు చదివి పెట్టండి అని నన్ను లోపల కూర్చోబెట్టుకున్నారు, మిగతా తల్లిదండ్రులు గేటు బయటే ఉండిపోయారు (దీని గురించి కింద రాస్తా, అన్నిటికంటే నాకు నచ్చనిది అదే).

ఆ కుప్పని పిల్లల చేతే నాలుగు భాగాలు చేయించారు. ఎప్పుడైనా వేసుకోవచ్చు, పోటీ రోజుల్లో కూడదు, ఎప్పుడూ కూడదు, అడక్కుండా ముట్టుకోకూడదు. పారాసిటమాల్, సిట్రిజిన్, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, ఆడపిల్లలు నెలసరి కడుపునొప్పికి వాడే మెఫెనమిక్ యాసిడ్ మాత్ర, ఇవన్నీ మొదటి భాగంలోకి పోయాయి, పిల్లల మొహాల్లో భయం కొంచెం తగ్గింది. మందంటేనే తప్పు అనుకుని జ్వరమొచ్చినా మాత్ర వేసుకోకుండా పరిగెత్తే పిల్లలున్నారు మా దగ్గర, వాళ్ళకి ఇది ముందు తెలియాలి, అసలు నేను గమనించింది ఏంటంటే ఈ క్లాసులో మొదటి అరగంట ఏది వేసుకోకూడదో కాదు, ఏది వేసుకోవచ్చో చెప్పడానికే పోయింది.

తర్వాత దగ్గు మందులు. ఇక్కడే పిల్లలు అందరూ ఆశ్చర్యపోయారు. మన ఇళ్ళల్లో గళ్ళ పడితే తాగే సిరప్పుల్లో చాలా వాటిలో టెర్బుటలిన్ గానీ లెవోసాల్బుటమాల్ గానీ ఉంటుంది. రెండూ వాడా (డోపింగ్‌ని ఆపడానికున్న ప్రపంచ సంస్థ) పెట్టిన నిషేధిత జాబితాలో ఉన్నవే, పోటీ ఉన్నా లేకపోయినా కూడదు. క్రికెటర్ పృథ్వీ షాకి 2019లో బీసీసీఐ ఎనిమిది నెలలు నిషేధం వేసింది దేనికి? దగ్గు మందులో ఉన్న టెర్బుటలిన్‌కి. అంతకుముందు యూసఫ్ పఠాన్‌కి కూడా అదే టెర్బుటలిన్ తోనే ఐదు నెలలు పోయాయి. ఇండియా టీముకి ఆడినవాళ్ళకే, చుట్టూ డాక్టర్లు ఫిజియోలు ఉన్నవాళ్ళకే ఇలా జరిగిందంటే కాశీనగర్ నుంచి ఆటోలో వచ్చే పిల్లాడికి ఎవడు చెప్తాడు? నేను రోజూ అమ్మే సీసాలే అవి. ఎవరైనా వచ్చి దగ్గు మందు ఇవ్వండి అంటే నాలుగు కంపెనీలవి బల్ల మీద పెడతాం, ఆటలాడే పిల్లకా అని ఏ షాపులోనూ అడగరు. మేష్టారు ఒక పని చేయించారు, ప్రతి పిల్ల చేతా ఒక వాక్యం గట్టిగా చెప్పించారు, "నేను ఆటలాడతాను, టెస్టు చేస్తారు, ఇందులో నిషేధం మందు ఉందా చూడండి" అని. తెలుగులో, ఒడియాలో, రెండిట్లోనూ. డాక్టర్ దగ్గర, షాపులో, ఎక్కడైనా ముందు అదే చెప్పాలి. సిగ్గుపడే పిల్లల చేత మళ్ళీ మళ్ళీ చెప్పించారు, ఒక చిన్న గుంటడైతే మూడోసారికి గొంతు పెంచి అరిచాడు, అందరూ చప్పట్లు కొట్టారు.

జలుబు మాత్రల దగ్గర ఆండ్రియా రాదుకాన్ కథ చెప్పారు. రొమేనియా జిమ్నాస్ట్, పదహారేళ్ళ పిల్ల, 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో గోల్డ్ గెలిచింది, జలుబుకి టీమ్ డాక్టరే ఇచ్చిన మాత్రలో సూడోఎఫెడ్రిన్ ఉండటం వల్ల ఆ గోల్డ్ లాగేసుకున్నారు. అదే సిడ్నీలో మన కరణం మల్లేశ్వరి 69 కిలోల కేటగిరీలో మొత్తం 240 కిలోలు ఎత్తి బ్రాంజ్ తెచ్చింది. మల్లేశ్వరిది ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట, మాకు పక్కనే, ఇక్కడ ఏ ఇంట్లో అడిగినా ఆవిడ పేరు తెలుసు. ఒకే ఊళ్ళో కొద్ది రోజుల తేడాలో ఒక పిల్లకి మెడల్ పోయింది, ఒకావిడకి మెడల్ వచ్చింది అని పక్కపక్కనే పెట్టి చెప్పేసరికి పిల్లలు కదల్లేదు. ఆ రొమేనియా పిల్ల తప్పు చేసిందా సార్ అని ఒక పిల్ల అడిగింది. మేష్టారు తేలిగ్గా దాటెయ్యలేదు. మోసం చెయ్యలేదమ్మా, కానీ రూల్ ఏం చెప్తుందంటే నీ ఒంట్లో ఏం దొరికినా జవాబుదారీ నువ్వే, ఎవరిచ్చారు ఎందుకిచ్చారు అన్నది శిక్ష ఎంత అన్న దగ్గర చూస్తారు గానీ మెడల్ అయితే పోతుంది అన్నారు. ఇది కఠినమైన రూలే. పిల్లలకి కఠినంగా ఉన్నది కఠినంగానే చెప్పడం నాకు నచ్చింది.

అమ్మమ్మ బీపీ మాత్రల్లో కొన్నిట్లో హైడ్రోక్లోరోథయజైడ్ ఉంటుంది, ఒంట్లో నీళ్ళు తగ్గించేది. కుస్తీ, వెయిట్‌లిఫ్టింగ్, బాక్సింగ్ పిల్లలు బరువు కేటగిరీలోకి దిగడానికి ఇలాంటివి మింగుతారు, మా వైపు కూడా ఉంది ఈ అలవాటు, ఎవరూ బయటికి చెప్పరు. అది ఎప్పుడూ కూడదు, పైగా గుండెకి ప్రమాదం. గుండె మాత్రల మాట వచ్చినప్పుడు కమీలా వలియేవా గురించి కూడా చెప్పారు, రష్యా స్కేటర్, పదిహేనేళ్ళు, ట్రైమెటాజిడిన్ అనే గుండెనొప్పి మందు దొరికింది, తాతయ్య మందు వల్ల అని వాళ్ళ తరఫు వాళ్ళు చెప్పారు, కోర్టు ఒప్పుకోలేదు, 2021 డిసెంబర్ నుంచి నాలుగేళ్ళు నిషేధం. ఆ మాత్ర మా షాపులో కూడా ఉంటుంది. మన ఇళ్ళల్లో అందరి మందులూ ఒకే డబ్బాలో కలిపి పెడతాం, ఫ్రిజ్ మీద ఒక బిస్కెట్ డబ్బా, అందులోనే అన్నీ. ఆ రోజు సాయంత్రమే మా పాప తన మందులు వేరే డబ్బాలోకి మార్చేసుకుంది.

ఇక సెలైన్. ఇది చెప్పకపోతే ఈ రివ్యూ రాసి దండగ. మా వైపు ఊళ్ళల్లో నీరసం అంటే చాలు ఆర్‌ఎంపీ దగ్గరికెళ్ళి ఒక బాటిల్ ఎక్కించుకుంటారు, పోటీకి ముందు రోజు పిల్లకి బలం అని తల్లులే తీసుకెళ్తారు. పన్నెండు గంటల్లో 100 మిల్లీలీటర్లకి మించి నరంలోకి ఎక్కిస్తే అది నిషేధిత పద్ధతి, అందులో ఏ మందూ కలపకపోయినా సరే, ఉత్త సెలైన్ అయినా సరే. హాస్పిటల్లో చేర్చి చేసే వైద్యానికి, ఆపరేషన్‌కి, పరీక్షలకి మినహాయింపు ఉంది గానీ వీధి చివర బల్ల మీద పడుకోబెట్టి ఎక్కించే దానికి లేదు. మామూలు సెలైన్ బాటిలే 500 మిల్లీలీటర్లు ఉంటుంది కదా. ఎందుకు కూడదు అంటే అలా నీళ్ళు ఎక్కించి టెస్టుకిచ్చే మూత్రం శాంపిల్‌ని పలచన చెయ్యొచ్చు, వేరే వాటిని దాచెయ్యొచ్చు. ఈ సంగతి విన్న మొదటిసారి అక్కడున్న పెద్దపిల్లలు కూడా నోరెళ్ళబెట్టారు, ఎందుకంటే సగం మంది ఎక్కించుకున్నవాళ్ళే. నర్సు మేడం వెంటనే, ఎండలో పరిగెత్తి నీరసపడితే ఓఆర్‌ఎస్ తాగండి, చోడి (రాగి) అంబలి ఉప్పేసుకుని తాగండి, పోటీకి ముందు బాగా పడుకోండి, నిజంగా కళ్ళు తిరిగి పడిపోతే మాత్రం హాస్పిటల్‌కే వెళ్ళండి, ప్రాణం కంటే టెస్టు పెద్దది కాదు అన్నారు. ఆ చివరి మాట చాలా అవసరం. లేకపోతే పిల్లలు భయపడి హాస్పిటల్‌కి కూడా పోరు.

పౌడర్ డబ్బాల దగ్గర కొంచెం గొడవైంది. ఒక పిల్లాడి అన్న జిమ్ముకి వెళ్తాడు, మూడు వేలు పెట్టి డబ్బా కొన్నాడు, దాని మీద ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబర్ ఉంది కదా సార్ అని వాదించాడు ఆ పిల్లాడు. ఆ నంబర్ ఆహారం అమ్మడానికి ఇచ్చే లైసెన్సు, అందులో నిషేధిత పదార్థం లేదని ఇచ్చే హామీ కాదు. లేబుల్ మీద రాయనివి లోపల ఉన్న డబ్బాలు ప్రపంచమంతా దొరుకుతున్నాయి. జిమ్నాస్ట్ దీపా కర్మాకర్ టెస్టులో హైజినమిన్ అనే నిషేధిత పదార్థం దొరికి 21 నెలలు నిషేధంలో పోయాయి, అది కొన్ని మొక్కల్లో సహజంగానే ఉండే పదార్థం. కాబట్టి ఆయుర్వేదం, హెర్బల్, నేచురల్ అని రాసుంటే ఏమీ కాదు అనుకోవడానికి లేదు. మన 4x400 రిలే అమ్మాయిలు 2010 కామన్వెల్త్ గేమ్స్‌లో, ఏషియన్ గేమ్స్‌లో గోల్డ్ తెచ్చారు, మరుసటి ఏడాదే వాళ్ళల్లో కొంతమంది స్టెరాయిడ్ టెస్టులో దొరికారు, కోచ్ ఇచ్చిన జిన్సెంగ్ (ఒక రకం వేరు మందు) వల్ల అని చెప్పారు, అయినా చివరికి రెండేళ్ళ నిషేధం తప్పలేదు. మరి ఏం తినాలి అంటే మేడం బల్ల మీద పెట్టి చూపించారు, గుడ్లు, ఉలవలు, వేరుశనగ గుళ్ళు, పెరుగు, చేపలు, చోళ్ళు. ఎదిగే వయసు పిల్లలకి ఆ డబ్బాల్లో కంటే వీటిల్లోనే కావల్సింది ఉంది, ధర కూడా పదో వంతు. ఇది నేను షాపువాడిగా కూడా చెప్తున్నా, నా షాపులో ఆ డబ్బాలు పెడితే బాగా మిగులుతుంది, పెట్టను.

ద్యుతీ చంద్ సంగతి చెప్పేటప్పుడు మేష్టారి గొంతు మారింది. ఒడిశా పరుగుల పిల్ల, జాజ్‌పూర్ జిల్లా నేతపని వాళ్ళ ఇంట్లో పుట్టింది, మా పిల్లల గదుల్లో గోడల మీద ఆమె ఫోటోలే ఉండేవి. 2022 డిసెంబర్లో తీసిన శాంపిళ్ళలో ఆండరిన్, ఆస్టరిన్, లిగాండ్రోల్ అనే కండ పెంచే మందులు దొరికాయి, నాలుగేళ్ళ నిషేధం. కావాలని తీసుకోలేదనే ఆమె చెప్పింది. ఆమెని తిట్టమని గానీ వెనకేసుకు రమ్మని గానీ మేష్టారు చెప్పలేదు. ఇంత పైకెళ్ళిన అమ్మాయికే ఇంత నష్టం జరిగింది, ఆమె పరుగంటే ఇష్టపడ్డ మనం దీన్ని దాచిపెట్టుకోకూడదు అన్నారంతే. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి నిజంగా.

ఇప్పుడు అసలు విషయం, ఈ క్లాసు వేరే వాటికంటే ఎందుకు మెరుగు అంటే పిల్లలు ఎందుకు వాడతారో వీళ్ళకి తెలుసు. మా వైపు ఏ పిల్లా ఒలింపిక్స్ కోసం ఇంజెక్షన్ తీసుకోదు. భువనేశ్వర్‌లో స్పోర్ట్స్ హాస్టల్ సీటు కోసం, స్టేట్ మీట్ సర్టిఫికెట్ కోసం, స్పోర్ట్స్ కోటాలో పోలీసు ఉద్యోగమో రైల్వే ఉద్యోగమో వస్తుందని, అగ్నివీర్ ర్యాలీలో 1.6 కిలోమీటర్ల పరుగు టైములో కొట్టాలని. ఇంట్లో అప్పులుంటాయి, అమ్మా నాన్నా వైజాగో చెన్నైయో పనికెళ్ళి ఉంటారు, ఆ పిల్లాడికి ఒక్క పరుగే దారి. ర్యాలీ దగ్గర పడిందంటే నా షాపుకే వస్తారు కుర్రాళ్ళు, అన్నా మెఫెంటర్మిన్ ఉందా అని మెల్లిగా అడుగుతారు. అది ఆపరేషన్ థియేటర్లో బీపీ పడిపోతే ఇచ్చే ఇంజెక్షన్, చీటీ లేకుండా ఇవ్వకూడదు, గుండె ఆగిపోయే ప్రమాదం ఉంది, ఆటల్లో అయితే పోటీ సమయంలో నిషేధం. నేను ఇవ్వను, ఇవ్వనన్నందుకు తిట్టి వెళ్ళినవాళ్ళున్నారు. ఆ కుర్రాడు చెడ్డవాడు కాదు, భయంలో ఉన్నాడు. మేష్టారు ఆ భయం గురించి మాట్లాడారు. సీటు రాకపోతే ఇంకేం దారులున్నాయి, ఏ వయసులో ఏ టైము వస్తే సరిపోతుంది, పదహారేళ్ళకి రానిది పంతొమ్మిదికి ఎలా వస్తుంది, ఇవన్నీ తన చేతిరాత పుస్తకం తీసి పాత విద్యార్థుల టైములు చూపిస్తూ చెప్పారు. డోపింగ్ క్లాసులో ఇది చెప్పడం నేను ఎక్కడా చూడలేదు, కానీ ఉండాల్సింది ఇదే అని నాకనిపిస్తుంది. 2023 సెప్టెంబర్లో ఢిల్లీ స్టేట్ మీట్‌లో నాడా (మన దేశంలో డోపింగ్ టెస్టులు చేసే సంస్థ) వాళ్ళు వచ్చారని తెలియగానే 100 మీటర్ల ఫైనల్లో ఒక్కడే పరిగెత్తాడు, మిగతావాళ్ళు మాయం, బాత్రూముల్లో సిరంజిలు దొరికాయి. వాళ్ళు కూడా మన పిల్లల్లాంటి పిల్లలే, సర్టిఫికెట్ కోసం వచ్చినవాళ్ళే. 2023లో మన దేశంలో నాడా 5,606 శాంపిళ్ళు తీస్తే 213లో నిషేధిత పదార్థాలు తేలాయి, అంత ఎక్కువ టెస్టులు చేసే దేశాల్లో మనదే ఎక్కువ శాతం. ఇది చదివి సిగ్గుపడి ఊరుకుంటే లాభం లేదు.

ఒంటికి ఏమవుతుందో కూడా పిల్లల వయసుకి తగ్గట్టు చెప్పారు. ఎదిగే వయసులో స్టెరాయిడ్ వాడితే ఎముకల చివర్లు తొందరగా మూసుకుపోయి ఎత్తు ఆగిపోతుంది, ఆడపిల్లలకి గొంతు బొంగురుపోతుంది, అది మళ్ళీ మామూలవ్వకపోవచ్చు, లివర్ దెబ్బతింటుంది, మొటిమలు, కోపం, మానేశాక దిగులు. పొట్టిగా ఉండిపోతారు అన్న మాట దగ్గర మగపిల్లలందరూ సర్దుకుని కూర్చున్నారు. నిషేధం అంటే ఎప్పుడో వచ్చేది, ఎత్తు అంటే ఇప్పటి సంగతి మరి.

గంజాయి, భాంగ్ గురించి కూడా దాపరికం లేకుండా మాట్లాడారు. మా జిల్లాల్లో గంజాయి గురించి కొత్తగా చెప్పేదేముంది, పేపర్లో రోజూ వస్తుంది. శివరాత్రికి, హోలీకి భాంగ్ కలిపిన తండై పెద్దవాళ్ళే ప్రసాదం అని చేతిలో పెడతారు. పోటీ సమయంలో అది నిషేధం, పైగా ఒంట్లో చాలా రోజులు ఉండిపోతుంది, పండక్కి తాగింది మీట్‌లో బయటపడొచ్చు. పోటీ సమయం అంటే కూడా చాలామందికి తెలీదు, పోటీ ముందు రోజు రాత్రి 11:59 నుంచే మొదలు.

అన్నిటికంటే పిల్లలు ఎంజాయ్ చేసింది ఉత్తుత్తి టెస్టు. సీల్ వేసిన సీసాలు, ఫారాలు, పసుపు రంగు నీళ్ళు పెట్టి నాటకంలా చేయించారు. పేరు పిలుస్తారు, అక్కణ్ణుంచి మనతో ఒక మనిషి ఉంటారు, కిట్లు కొన్ని పెట్టి నచ్చింది తీసుకోమంటారు, సీల్ పగిలి ఉందా చూసుకోవాలి, కనీసం 90 మిల్లీలీటర్ల మూత్రం ఇవ్వాలి, అది 'ఎ' సీసా, 'బి' సీసా అని రెండుగా పోస్తారు, సీసాల మీద నంబరూ ఫారం మీద నంబరూ ఒకటేనా అని మనమే చదువుకోవాలి, గత వారంలో ఏం మందులు వాడామో రాయించాలి. ఆడపిల్లలకి ఆడవాళ్ళే సాక్షిగా ఉంటారు. పద్దెనిమిది లోపు పిల్లలు తోడు మనిషిని తీసుకెళ్ళొచ్చు, అది హక్కు. భయపడి పారిపోతే, ఇవ్వనంటే, దొరికినట్టే లెక్క, శిక్ష కూడా దాదాపు అంతే. మా పాప ఇంటికొచ్చి వాళ్ళ నాయనమ్మకి మొత్తం చేసి చూపించింది. నిజం టెస్టు కంటే ముందే పిల్లలకి చదువు అందాలి అని వాడా వాళ్ళ రూల్సే చెప్తున్నాయి, 2021 నుంచి దానికంటూ ఒక ప్రమాణం కూడా పెట్టారు. కాగితం మీద ఉన్నది మా పర్లాకిమిడి గ్యాలరీ మెట్ల మీద జరగడం చూసి చాలా సంతోషమేసింది.

ఫోన్ పని కూడా చేయించారు. నాడా వాళ్ళ నో యువర్ మెడిసిన్ యాప్‌లో మందు పేరు వెతకడం, స్ట్రిప్ ఫోటో తీసి చూడటం, వాడా వాళ్ళ అడెల్ అనే ఉచిత ఆన్‌లైన్ కోర్సుల్లో ఎలా చేరాలో. బావుంది గానీ ఇది తొందరగా అయిపోయింది, ఫోన్ లేని పిల్లలు పక్కవాళ్ళ భుజం మీంచి చూశారు. జాబితా ఏటా జనవరి 1న మారుతుంది కాబట్టి పోయిన ఏడాది రాసుకున్న చీటీ పట్టుకుని ఉండకూడదు అని మాత్రం గట్టిగా చెప్పారు.

ఇక మార్చాల్సినవి. తల్లిదండ్రుల్ని బయట ఉంచడం నాకు అస్సలు నచ్చలేదు. పెద్దవాళ్ళుంటే పిల్లలు నోరు విప్పరు అని మేష్టారి వాదన, అందులో నిజం లేకపోలేదు, అయినా ఒక్క గంట విడిగా మాకూ చెప్పాలి. ఎందుకంటే ఆ కుప్పలో ఉన్న వస్తువుల్లో పిల్లలు సొంతంగా కొనుక్కున్నది దాదాపు ఒక్కటీ లేదు. దగ్గు మందు అమ్మ పోసింది, సెలైన్ నాన్న ఎక్కించాడు, పౌడర్ అన్న ఇచ్చాడు, లావెక్కడానికని డెక్సామెథసోన్ మాత్ర ఆర్‌ఎంపీ ఇచ్చాడు, ఏదో ఇంజెక్షన్ ఎవరో కోచ్ ఇస్తాడు. మింగేది పిల్ల, ఇచ్చేది మనం. పద్నాలుగేళ్ళ పిల్లకి పెద్దవాళ్ళు ఇస్తే వద్దు అనమని నేర్పితే సరిపోదు, మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళకి ఎదురు చెప్పడం అంత తేలికా? చిన్నపిల్ల దొరికితే ఆమె చుట్టూ ఉన్న కోచ్‌నీ మిగతావాళ్ళనీ కూడా విచారించాలని రూల్ ఉంది, చిన్నపిల్లలకి స్టెరాయిడ్ లాంటివి ఇచ్చిన కోచ్‌కి జీవితకాలం నిషేధం దాకా ఉంది, ఈ ముక్క స్టేడియం గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించాలి. పిల్లలకి శిక్షలో కొంత సడలింపు ఉంది, తిరిగి రావడానికి దారి ఉంది, అదీ చెప్పాలి, లేకపోతే ఒకసారి ఏదైనా జరిగితే ఇంక బతుకే అయిపోయింది అనుకుంటారు. ఆ భాగం వీళ్ళు చెప్పలేదు, మేష్టారితో మాట్లాడాను, వచ్చే క్లాసులో పెడతానన్నారు.

జబ్బున్న పిల్లల విషయం కూడా ఇంకా నిదానంగా చెప్పాలి. ఆస్తమా ఉన్న పిల్లాడు ఒకడు ఇన్‌హేలర్ చూపించి ఇది మానెయ్యాలా అన్నాడు, పాపం వాడి గొంతు వణికింది. మానక్కర్లేదు, సాల్బుటమాల్ పీల్చుకునేదైతే విడతలుగా 24 గంటల్లో 1600 మైక్రోగ్రాముల దాకా, ఏ 8 గంటల్లోనూ 600 దాటకుండా, అనుమతి ఉంది, సిరప్పు, మాత్ర మాత్రం కూడదు. షుగర్ ఉన్న పిల్లలకి ఇన్సులిన్ జాబితాలో ఉన్నదే, అయినా డాక్టర్ కాగితాలతో ముందే వైద్య మినహాయింపుకి అప్లై చేస్తే వాడుకోవచ్చు. ఆ మినహాయింపు గురించి రెండు నిమిషాల్లో ముగించేశారు, ఫారం ఎక్కడ దొరుకుతుంది ఎవరు నింపుతారు అన్నది ఎవరికీ అర్థం కాలేదు.

ఇంకొకటి, గుమ్మ వైపు నుంచి, సెరంగో వైపు నుంచి వచ్చే సవర గిరిజన పిల్లలు వెనక వరసలో కూర్చున్నారు. వాళ్ళల్లో ఒక పెద్ద పిల్ల తనే వాళ్ళ భాషలో మెల్లిగా చెప్తూ ఉంది, ఆ పిల్లని ముందుకి పిలిచి మైకు ఇచ్చి ఉంటే ఎంత బావుండేది. గిడుగు రామమూర్తి పంతులుగారు సవర నేర్చుకుని, ఆ పిల్లలకి వాళ్ళ భాషలోనే చదువు చెప్పించిన ఊరు ఇది. పరుగులో ముందుండేది కూడా ఆ పిల్లలే. వీడియోలు ఇంగ్లీషులో వేశారు, అవి ఎవరికీ ఎక్కలేదు, తీసేసి ఆ టైములో ఉత్తుత్తి టెస్టు ఇంకోసారి చేయిస్తే మేలు.

మొత్తం మీద ఐదుకి నాలుగున్నర ఇస్తాను, ఆ సగం తల్లిదండ్రుల కోసం పట్టుకున్నా. పాతపట్నం, మెళియాపుట్టి, టెక్కలి వైపు వాళ్ళు కూడా రావచ్చు, అటువైపు పిల్లలు ఆ రోజు కొంతమంది ఉన్నారు. పొద్దున్న ప్రాక్టీసు అయ్యే టైముకి వస్తే టిఫిన్ వాళ్ళే పెడతారు. పిల్లకి ఏదైనా జబ్బుంటే డాక్టర్ చీటీలు జిరాక్స్ తీసి పంపండి, ఇంట్లో వాడే మందుల స్ట్రిప్పులు కొస కత్తిరించకుండా పేరు కనపడేలా ఉంచి పంపండి. ఆ స్ట్రిప్పుల మీద పేర్లు చదవడం రాకపోతే ముందు రోజు సాయంత్రం నా షాపుకి తెండి, నేను కూర్చుని పేరు పేరునా తెలుగులో రాసిస్తాను, డబ్బులేమీ వద్దు.